పలకరించగూడని వేళ

జనవరి పద్నాలుగున మాజీ సైనికుల దినోత్సవం ఒకటుందని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిసే వీలు కూడా లేదు. సరిగ్గా ఆ తేదీకే భోగో, సంక్రాంతో వచ్చి పడుతుంది. బడులకు సెలవులు, మగాళ్లు కోడిపందాల బరుల దగ్గర, ఆడాళ్లు అరిసెల మూకుళ్ల దగ్గర ఉంటారు. నాలాంటి బట్టలు కుట్టేదాని సంగతి చెప్పే పనే లేదు. జాకెట్లు గుట్టలుగా పడి ఉంటాయి, వచ్చిన ప్రతి మనిషికీ తనదే ముందు కావాలి. వయసంతా సైన్యంలో పోసి వచ్చిన మనిషి కూతురిని, నాకే ఆ రోజు గుర్తుండేది కాదు.

నాన్నకు గుర్తుండేది. ఆ పొద్దున బూట్లకు ఇంకాస్త ఎక్కువసేపు పాలిష్ పట్టేవాడు. మన సైన్యానికి అధిపతి అయిన తొలి భారతీయుడు ఆ తేదీనే పదవీ విరమణ చేశాడట. అందుకని ఆ రోజు దేశమంతా మాజీ సైనికులను పిలిచి, కూర్చోబెట్టి, మాట్లాడతారని చెప్పేవాడు. "దేశమంతానా? మరి మన ఊరు ఏ దేశంలో ఉంది నాన్నా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన రెండో బూటు అందుకునేవాడు.

మాది గురజాల నుంచి మాచర్ల పోయే దారికి కాస్త పక్కగా, రెంటచింతలకు దగ్గరగా ఉన్న ఊరు. రెంటచింతల ఎండ గురించి టీవీ వాళ్లు ఏటా చెబుతారు కాబట్టి నేను చెప్పను. మా ఆయన నాపరాళ్ల లారీ మీద తిరుగుతుంటాడు. నాన్న మాతోనే ఉంటాడు. నా కుట్టు కొట్టు అడ్డరోడ్డు మీద, బస్సులు ఆగే చోటుకు ఎదురుగా ఉంది. మిషను మీద నుంచి తల ఎత్తితే ఊళ్లోకి ఎవరు వచ్చారో, ఎవరు పోయారో అంతా కనిపిస్తుంది.

నాన్న ఫిరంగి దళంలో చేశాడు. ఆ మోతకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి వైపు నిలబడి మాట్లాడితే అన్నీ వినిపిస్తాయి. ఎడమ వైపు నుంచి ఎంత అరిచినా గాలికి చెప్పినట్టే. ఊరు మాత్రం ఆయన్ను వేరే విధంగా ఎరుగును. నెల మొదట్లో ఎవరో ఒకరు ఎదురొచ్చి, "ఏం మిలిటరీ, బాగున్నావా?" అని భుజం మీద చెయ్యి వేసేవాళ్లు. ఆ వెనకే అసలు మాట వచ్చేది, మిలిటరీ క్యాంటీన్ మందు సీసా ఏమన్నా ఉందా అని. నాన్న మందు ముట్టడు. తన కోటా ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాడు, వాళ్లు పక్కన కూర్చుని కాసేపు మాట్లాడితే అదే ఆయనకు పండగ. మోకాళ్లు అరిగి క్యాంటీన్ కోసం గుంటూరు దాకా పోవడం మానుకున్నాక సీసాలు ఆగిపోయాయి. భుజం మీద చేతులు కూడా వాటితోనే ఆగిపోయాయి. నాకు ఒళ్లు మండేది. ఆయనకు మాత్రం కోపం రాలేదు, దిగులు పట్టుకుంది.

పోయినేడు సంక్రాంతికి ముందు ఊళ్లో కుర్రాళ్లు కొందరు ఫోన్లో ఏదో వీడియో చూసి, ఇలాంటి రోజు ఒకటుందని తెలుసుకున్నారు. ఇంటికొచ్చి, "తాతా, నీకు ఫ్లెక్సీ కట్టిస్తాం, ఫొటో ఇయ్యి" అన్నారు. ఆ పూట నాన్నను చూడాల్సింది. మంచం కింది నల్ల ట్రంకు పెట్టె బయటికి లాగాడు. పాత ఫొటోలన్నీ మంచం మీద పరిచి, ఒకటి తీసి ఇంకొకటి పెట్టి, చివరికి పతకాలతో ఉన్నది ఇచ్చాడు. "పక్కన మన రెజిమెంటు పేరు కూడా వేయించండ్రా" అని వాకిలి దాకా పోయి మరీ చెప్పాడు. ఇక మనుషులు పలకరిస్తారని ఆయన అనుకున్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను.

భోగి ముందురోజు సాయంత్రం నేను ఎవరిదో లంగాకు అంచు కుడుతున్నాను. తల ఎత్తేసరికి కుర్రాళ్లు నిచ్చెన వేసుకుని అడ్డరోడ్డు కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టి దిగుతున్నారు. నాన్న ముఖం నిలువెత్తు ఉంది, ఫొటో చక్కగా వచ్చింది. ఆ ముఖం చుట్టూ బంతిపూల దండ. రెండు పక్కలా తలకిందులుగా నేలకు గుచ్చిన తుపాకులు, వాటి మీద ఉక్కు టోపీలు. అడుగున వెలుగుతున్న జ్యోతి. దాని కింద పెద్ద అక్షరాల్లో, మా ఊరి జవానుకు ఘన నివాళి అని ఉంది.

సూది దారంతో సహా వదిలేసి రోడ్డు మీదకు పరిగెత్తాను.

"ఒరేయ్, బుర్రలుండాయా మీకు? బతికున్న మనిషికి దండేస్తార్రా?"

"మేమెయ్యలేదక్కా, అది డిజైన్లోనే వచ్చింది" అన్నాడు ఒకడు, చానా మామూలుగా. "మిలిటరీ ఆయన అని చెప్పాం. మిలిటరీ అంటే కంప్యూటర్లో ఇదొక్కటే ఉందన్నాడు షాపు అతను."

తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఆ షాపు అతన్ని కూడా తిట్టబుద్ధి కాలేదు. మా వైపు సైనికుడు అందరికీ గుర్తొచ్చేది ఒక్కసారే. జెండా కప్పిన పెట్టె ఊళ్లోకి వచ్చిన రోజు. ఆ రోజు దుకాణాలు మూస్తారు, బడిపిల్లలు వరసగా నిలబడతారు, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఏడుస్తారు. ప్రాణాలతో ఇంటికొచ్చి పళ్లు తోముకుంటూ వాకిట్లో నిలబడే సైనికుణ్ణి ఏ బొమ్మతో గౌరవించాలో ఎవరికీ తెలియదు. అలాంటి బొమ్మ ఏ కంప్యూటర్లోనూ లేదు.

నాన్న వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఫొటో బాగా వచ్చిందమ్మా" అన్నాడు. తీయించేస్తానంటే వద్దన్నాడు. "ఉండనియ్యి. పండగకు వచ్చిపోయే వాళ్లు నలుగురూ చూస్తారుగా. ఎండకు అదే పోద్ది."

నలుగురూ చూశారు. పండగ వెళ్లిన రెండో రోజో మూడో రోజో, రాజుపాలెం నుంచి నాన్నకు చెల్లెలి వరస అయ్యే మా మేనత్త ఏడ్చుకుంటూ ఆటో దిగింది. బస్సులో పోతూ ఎవరో ఫ్లెక్సీ చూసి ఆమెకు చెప్పారట. తలుపు తీసింది నాన్నే. ఆమె గుమ్మంలోనే ఆగిపోయి, ఆయన చెంపలు తడిమి, నవ్వి, మళ్లీ ఏడ్చింది. అన్నం తిని పొమ్మంటే తినలేదు. పోయేటప్పుడు నన్ను వాకిట్లోకి పిలిచి, "దండ పడ్డాక అది ఊరికే పోదే అమ్మాయ్. ఏదో ఒకటి చేయించు" అని గొంతు తగ్గించి చెప్పింది. ఆమెను గట్టిగా కసురుకున్నాను. ఆటో వెళ్లిపోయాక మాత్రం లోపలికి పోయి, నాన్న పడుకుని ఉంటే ఛాతీ కదులుతున్నదా లేదా అని చూశాను.

అక్కడి నుంచి ఊరు మారింది. ఎవరూ ఏమీ అనలేదు, చేయలేదు. నాన్న టీ కొట్టు దగ్గరికి పోతే అప్పటిదాకా సాగుతున్న మాటలు ఆగిపోయేవి. గ్లాసు చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టేవాళ్లు. కిరాణా కొట్టు శెట్టిగారు నా చిన్నప్పటి నుంచి నాన్నతో పరాచికాలాడిన మనిషి. ఆయన కూడా పంచదార పొట్లం బల్ల మీదకు జరిపి, చిల్లర దాని పక్కన పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. ఎదురొచ్చే ఆడవాళ్లు కొంగు సర్దుకుని రోడ్డుకు అవతలి పక్కకు తప్పుకునేవాళ్లు. ఎవరన్నా ధైర్యం చేసి ఎడమ వైపు నుంచి పిలిస్తే నాన్నకు వినపడేది కాదు, అట్లాగే నడిచిపోయేవాడు. "పిలిస్తే పలకలేదంట" అన్న మాట నా కొట్టులోనే, నా ముందే, కొలతలు ఇస్తున్న ఒకావిడ ఇంకొకావిడతో అన్నది. నేను టేపు బిగించి లాగాను.

అప్పుడే మొదటి దీపం కనిపించింది.

మిరప కోతలు మొదలైన రోజులు. పక్క ఊళ్ల నుంచి కూలీలు ఆటోల్లో వచ్చి, సాయంత్రం అడ్డరోడ్డు దగ్గర దిగి, బస్సు కోసం నిలబడేవాళ్లు. వాళ్లలో ఒకావిడ, నా ఈడుకు కాస్త పెద్దది, ఆ గుంపులో నుంచి విడిగా వచ్చి ఫ్లెక్సీ కింద వంగింది. మిరప ఘాటుకు ఎర్రబడిన చేతులతో ఒక ప్రమిద పెట్టి, నూనె పోసి, వెలిగించి, కొంగు తల మీదకు లాక్కుని నిలబడింది. బస్సు హారన్ కొట్టేదాకా అట్లాగే ఉంది. మర్నాడూ వచ్చింది. ఆ తర్వాత స్తంభానికి ఎర్రగుడ్డ పడింది, పసుపు పడింది, నిమ్మకాయలు పడ్డాయి. ఆమె ఒక్కతే చేసిందో, చూసి ఇంకెవరన్నా చేశారో నాకు తెలియదు.

శెట్టిగారిని నిలదీశాను. ఆయన అటూ ఇటూ చూసి చెప్పాడు. "ఆవిడ కొడుకు మిలిటరీకి పోయాడంటమ్మా. పైన ఏడనో మంచు కొండల్లో ఏశారంట. మీ నాయన ఫొటో చూసింది. మిలిటరీలో పోయిన మనిషి కదా, మా పిల్లోణ్ణి కాసుకుంటాడని మొక్కుకుంది."

"పోయిన మనిషేంది శెట్టిగారూ? పొద్దున మీ కొట్లోనే పంచదార తీసుకున్నాడు గదా!"

ఆయన తలొంచుకున్నాడు. "నాకు తెలుసులే అమ్మా. కానీ దణ్ణం పెట్టిన చోట అట్టా అనగూడదు."

బయటి ఊళ్ల వాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. మా పల్నాటిలో వీరులు దేవుళ్ల కంటే దగ్గరివాళ్లు. కార్తీకంలో కారంపూడిలో వాళ్ల ఆయుధాలకు మొక్కుతారు. ఇళ్లలో కూడా అకాలంగా పోయిన మగవాళ్లకు కొలుపు చేసి, చిన్న కత్తి కడిగి పసుపు రాసి, ఇంటిని కాచుకోమని అడుగుతారు. మా నాయనమ్మ ఇంకో మాట చెప్పేది. అట్లా కాపలా కాసే వీరుడు ఎప్పుడన్నా పొద్దుగూకే వేళ కంటికి కనిపిస్తే పలకరించకూడదట. పిలిచారంటే తాను చనిపోయానన్న సంగతి ఆయనకు గుర్తొస్తుంది. కాపలా వదిలేసి వెళ్లిపోతాడు. చిన్నప్పుడు ఆ మాట వింటే భయం వేసేది, పెద్దయ్యాక నవ్వు వచ్చేది.

ఆ నవ్వు కాస్తా మాఘమాసంలో ఒక సాయంత్రం పోయింది. కొట్టు సర్దుకుంటూ చూస్తే నాన్న ఫ్లెక్సీ కింద నిలబడి ఉన్నాడు. దీపం ఉంది, ఆవిడ లేదు. వీధి లైటు ఫ్లెక్సీ వెనక వెలిగి ఆ పెద్ద ముఖం మెరుస్తోంది. దాని కింద నాన్న ముఖం చీకట్లో కలిసిపోయి ఉంది. రెండు ముఖాల్లో ఏది మనిషిదో ఒక్క క్షణం నాకే తెలియలేదు. "నాన్నా" అన్నాను. తిరగలేదు. "నాన్నా!" అని గట్టిగా అరిచాను. కదల్లేదు. ఎడమ చెవి సంగతి నాకు తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలుసు. అయినా ఒళ్లంతా గగుర్పొడిచింది. చివరికి పోయి చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

"ఏందమ్మా, ఏమయింది?" అన్నాడు.

"ఏం లేదు, అన్నానికి రా" అని విసుక్కున్నాను. భయపడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది, అది ఆయన మీద చూపించాను.

ఆ రాత్రి ఆయన సరిగా తినలేదు. ఆ నెలంతా అంతే. గడ్డం గీసుకునేటప్పుడు అద్దం ముందు నుంచి కదిలేవాడు కాదు. ఒకరోజు నేను కాఫీ ఇస్తుంటే గ్లాసు అందుకోకుండా అడిగాడు.

"నేను కనపడుతున్నానా అమ్మా నీకు?"

"కనపడక పోతే కాఫీ ఎవరికి ఇస్తున్నా?"

"పరాచికం కాదే. ఆడ యుద్ధంలో పక్కనోళ్లు పోయినప్పుడు కూడా నేను ఉండానన్న సంగతి నాకు తెలుస్తానే ఉండేది. ఇక్కడ తెలవటం లేదు. ఒక్కళ్లు, ఒక్కళ్లన్నా ఎదురొచ్చి 'ఏం మిలిటరీ, బాగున్నావా' అంటే చాలు. సీసా అడిగినా పర్లేదు."

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఏడ్చి, నిశ్చయించుకున్నాను. ఫ్లెక్సీ దిగాలి. నాన్న బతికే ఉన్నాడని అడ్డరోడ్డు మీద నిలబడి నా నోటితో చెప్పాలి. కట్టిన కుర్రాళ్లను పిలిస్తే ఒక్కడూ నిచ్చెన ఎక్కనన్నాడు. "ఎర్రగుడ్డ కట్టారు గదక్కా, ఇప్పుడు దాన్నెవరు ముట్టుకుంటారు?" అన్నారు. పంచాయతీలో చెబితే పని ఒత్తిడి తగ్గాక చూద్దామన్నారు. నా కత్తెర ఉండగా వీళ్లందరితో పనేమిటి అనుకున్నాను.

ఎండలు ముదిరాయి. గుడ్ ఫ్రైడేకు తెల్ల బట్టలు కుట్టించుకునే రెంటచింతల వాళ్లతో నాలుగు రోజులు ఊపిరాడలేదు. అవి ఇచ్చేసిన రోజు సాయంత్రం పెద్ద కత్తెర తీసుకుని, కుర్చీ మోసుకుపోయి స్తంభం పక్కన వేసుకుని ఎక్కాను. అప్పటికే ఎండకు ఫ్లెక్సీలో ఎరుపంతా వెలిసిపోయి, నాన్న ముఖం నీలంగా మారింది. కింది తాడు కోశాను. ఒక మూల వదులై గాలికి కొట్టుకుంది. అప్పుడే ఆటో వచ్చి ఆగింది.

దీపం పెట్టే ఆవిడ పరుగున వచ్చి నా చీర కుచ్చెళ్లు పట్టుకుంది. "వద్దమ్మా, వద్దు తల్లీ, తియ్యబాకమ్మా" అంటోంది. దగ్గరగా చూస్తే మనిషి సగమైపోయింది. కళ్లు లోపలికి పోయాయి.

కుర్చీ దిగాను. కోపాన్ని దిగమింగుకుని, చదువుకునే పిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాను. "చూడమ్మా, ఈయన మా నాన్న. పోలేదు. బతికే ఉన్నాడు. ఈ ఫ్లెక్సీ కుర్రాళ్లు తప్పుగా ఏయించారు. రోజూ ఇక్కడికి వస్తాడు, నువ్వు చూసే ఉంటావు."

"చూశానమ్మా" అంది ఆమె. గొంతులో ఆశ్చర్యం లేదు. "రోజూ వస్తాడు. నేను దీపం పెట్టంగానే వచ్చి, నా పక్కనే నిలబడతాడు. నేనే పలకరించలేదు."

కత్తెర కుర్చీ మీద పెట్టేశాను. ఎందుకు పలకరించలేదో అడగాల్సిన అవసరం లేదు. ఆమె నిలబడి ఉండగా నాన్న ఎన్ని సాయంత్రాలు అక్కడికి పోయి, ఏదన్నా ఒక్క మాట అంటుందేమోనని చూసి ఉంటాడు! ఆమె కొంగు లాక్కుని, తల వంచుకుని, ఆయన ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటుంది.

ఇంతలో నాన్నే వచ్చాడు. టీ కొట్టు దగ్గర నుంచి మమ్మల్ని చూసి, మోకాళ్ల నొప్పితో అడుగులు సరిచేసుకుంటూ వచ్చాడు. ఆవిడ తటాలున కొంగు ముఖం మీదకు లాక్కుంది. నేను ఆయన కుడి వైపుకు పోయి, "నాన్నా, చెప్పు. నీ నోటితోనే చెప్పు" అన్నాను. అడ్డరోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డ కూలీలంతా ఇటే చూస్తున్నారు. శెట్టిగారు కొట్టు మెట్టు మీదకు వచ్చి నిలబడ్డాడు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఊళ్లో మనిషితో మాట్లాడి ఎన్ని నెలలైందో, మాట మొదట బొంగురుగా వచ్చింది.

"నేను బతికే ఉండానమ్మా."

ఆవిడ కొంగు తీసి చూసింది. ఆయన ముఖాన్ని, పైన నీలంగా ఊగుతున్న ముఖాన్ని చూసింది. తర్వాత అక్కడే, నిమ్మకాయల పక్కన, నేల మీద కూర్చుంది.

"నా బిడ్డ కాడి నుంచి ఫోను రాటంలేదయ్యా" అంది. "ఎన్నిసార్లు చేసినా మోగట్లేదు. మీరు ఆడ ఉండారు గదా, వాడి ఎంబడే ఉండారు గదా అనుకునే ఇన్నాళ్లూ కూలికి పోతన్నా, ముద్ద మింగుతన్నా. మీరు బతికి ఈడ్నే ఉంటే, ఆడ నా బిడ్డ కాడ ఎవరుండారయ్యా?"

నేను నోరు తెరిచాను. ఏదో ఒకటి చెప్పేదాన్నే. వాడి పక్కన తోటి సైనికులున్నారనో, ఆఫీసర్లున్నారనో. నాన్న చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. ఆయనకు అక్కడి సంగతులు తెలుసు. ఆ కొండల మీద మంచు పడితే ఫోన్లు పనిచేయవని తెలుసు. పక్కన మనుషులున్నా పోయేవాడు పోతాడనీ తెలుసు. ఆవిడ అడిగింది అది కాదని కూడా ఆయనకు తెలిసినట్టుంది.

ఆయన ఆమె వైపు తిరిగాడు. తర్వాత మడమలు దగ్గరికి చేర్చి, వీపు నిటారుగా చేసి, ఫ్లెక్సీ కింద ఫ్లెక్సీలో ఉన్నట్టే నిలబడ్డాడు.

"ఆడే ఉండా తల్లీ" అన్నాడు. "మీ వాడి కాడ్నే ఉండా. నువ్వు ఇంటికి పో."

ఆవిడ రెండు చేతులూ నేలకు ఆనించి దణ్ణం పెట్టి, లేచి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కింది. బస్సు పోయేదాకా నాన్న అట్లాగే నిలబడ్డాడు. పోయాక నా వైపు తిరిగి, ఊగుతున్న మూలను చూపించి, "ఆ తాడు కట్టెయ్యమ్మా" అన్నాడు.

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఇన్ని నెలలు ఏ మాట కోసం కుమిలిపోయాడో ఆ మాట అనే వీలొచ్చింది. అంతా వింటుండగా అనేశాడు కూడా. అని, మళ్లీ తానే వెనక్కి తీసుకున్నాడు. "ఇంక నిన్ను ఈ ఊళ్లో ఎవరూ పలకరించరు, తెలుసా?" అన్నాను. అంటూనే కుర్చీ ఎక్కి తాడు కట్టాను.

"గార్డు డ్యూటీలో ఉన్నోడితో ఎవరూ మాట్లాడరమ్మా" అన్నాడు. "మాట్లాడినా వాడు పలకగూడదు. మాకు మొదట నేర్పేది అదే."

కొన్నాళ్లకు ఆవిడ బెల్లం పొంగలి తెచ్చి ఫ్లెక్సీ కింద పెట్టింది. కొడుకు ఫోన్ చేశాడట. నాకు చెప్పలేదు, శెట్టిగారికీ చెప్పలేదు, ఫ్లెక్సీకే చెప్పింది. మంచులో దారులు మూసుకుపోయాయట, పిల్లాడికి కాలి వేళ్లు కమిలాయట, ఇప్పుడు నయమట. నాన్న ఆమె పక్కన నిలబడి విన్నాడు. ఆ రోజు నేను గమనించిన సంగతి ఒకటుంది. ఆయన తన కుడి చెవి ఆమె వైపు ఉండేట్టు నిలబడ్డాడు. తర్వాత ఇంటికొచ్చి, "కమిలిన వేళ్లను మంట దగ్గర పెట్టగూడదు, పిల్లోడికి ఎవరన్నా చెప్పారో లేదో" అని అన్నం ముందు కూర్చుని బెంగపడ్డాడు. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మొన్న మళ్లీ జనవరి వచ్చింది. ఇప్పుడు ఊళ్లో అందరికీ ఆ రోజు తెలుసు. పండగ సెలవులకు ముందే బడిలో సభ పెట్టాలనుకుని, హెడ్మాస్టరు గారు స్వయంగా ఇంటికొచ్చి, వేదిక మీద కుర్చీ వేస్తాం, శాలువా కప్పుతాం, పిల్లలతో మాట్లాడండి అని నాన్నను పిలిచారు. కుర్రాళ్లు కూడా వచ్చి, ఈసారి దండ, జ్యోతి లేకుండా మంచి ఫ్లెక్సీ వేయిస్తామని, పాతది తీసేస్తామని అన్నారు. ఏళ్ల తరబడి ఆయన ఎదురుచూసిన పిలుపు అది. నాన్న బూటు పాలిష్ పడుతూనే విన్నాడు.

"ఆ సభ సంగతి పక్క ఊళ్లదాకా పోద్దా?" అని అడిగాడు.

"పోద్ది తాతా! ఫోన్లలో పెడతాం గదా" అన్నారు వాళ్లు హుషారుగా.

"అయితే వద్దులే నాయనా" అన్నాడు. "ఇంకోసారి చూద్దాం."

పాత ఫ్లెక్సీ ఇంకా ఉంది. రెంటచింతల ఎండ దాన్ని మొత్తం తినేసింది. అక్షరాలు లేవు, తుపాకులు లేవు, ముఖం ఉన్న చోట తెల్లటి మరక ఒకటి మిగిలింది. మళ్లీ మిరప కోతలు వచ్చాయి, ఆటోలు వస్తున్నాయి. ఆవిడ దిగి, దీపం పెట్టి, ఆ తెల్ల మరకకు కొడుకు కబుర్లన్నీ చెబుతుంది. ఊళ్లో నాన్నతో రోజూ మాట్లాడే బయటి మనిషి ఆవిడ ఒక్కతే.

నేను కొట్టులో మిషను ఆపి చూస్తుంటాను. చలికాలం గాలికి నాన్న వణుకుతుంటాడు, స్వెట్టర్ వేసుకోమంటే వేసుకోడు. అన్నం చల్లారిపోతుంటుంది. ఒక్క కేక వేస్తే వినపడే దూరమే. అయినా ఆవిడ బస్సెక్కేదాకా నేను కూడా ఆయన్ను పిలవను.